శీతోష్ణస్థితి యొడంబడికలలోఁ గర్తృవిచారము

రాజ్యములు చేసికొనిన యొడంబడికను కావ్యమువలెఁ బరీక్షింపవచ్చునా యని కొందఱు సందేహింపవచ్చును. కావ్యమునకు రసము ప్రాణము. ఒడంబడికకుఁ గ్రియాపదము ప్రాణము. ఎవ్వఁడు, దేనిని, ఎప్పటిలోఁగా, ఎంత నిర్బంధముతోఁ జేయవలెనో తెలుపుటకే యది పుట్టినది. కాఁబట్టి దాని గుణదోషములను నిర్ణయించుటకు అలంకారశాస్త్రముకంటె వ్యాకరణమే తగిన సాధనము. భూమి వేఁడెక్కుటను గూర్చి 1992లో రియో నగరమున సంతకములకుఁ దెఱవఁబడిన మూల యొడంబడికయు, 1997 నాఁటి క్యోటో నియమపత్రమును, 2015 నాఁటి పారిస్ ఒప్పందమును, తరువాతి సభల తీర్మానములును ఈ దృష్టితోఁ జదువఁదగినవి. పారిస్ ఒప్పందమునకు ఆఱు భాషలలోని పాఠములు సమాన ప్రామాణ్యము కలవి. తెలుఁగు వానిలోఁ జేరదు. అందుచేఁ దెలుఁగు పాఠకునకు ఇవి యన్నియు ననువాదమూలముననే చేరుచున్నవి. ఈ ప్రయాణమున మూలదోషములు కొన్ని యట్లే వచ్చుచున్నవి. మూలమున లేనివి కొన్ని క్రొత్తగాఁ బుట్టుచున్నవి. తెలుఁగునకు సహజముగాఁ గల బలములు కొన్ని వాడుకకు రాక పోవుచున్నవి.

మొదట పేరు. పత్రికలలో 'వాతావరణ మార్పు' అనునది స్థిరపడినది. వాతావరణ శబ్దము భూమిని ఆవరించిన వాయుమండలమును గాని, ఏదో యొకనాఁటి యెండవానలను గాని తెలుపును. అనేక సంవత్సరముల సగటుచే నిర్ణయింపఁబడు స్వభావమునకు 'శీతోష్ణస్థితి' యనియే పాఠ్యగ్రంథములు వాడుచు వచ్చినవి. ఈ పూర్వపదదోషము చిన్నది. లోకము దాని నంగీకరించినది. ఉత్తరపదమున మాత్రము ఇంతవఱకు ఎక్కువగా గమనింపఁబడని విశేషము కలదు. మాఱు అనునది అకర్మక ధాతువు. మార్చు అనునది సకర్మకము. కూర్చు కూర్పైనట్లు, తీర్చు తీర్పైనట్లు, చేర్చు చేర్పైనట్లు, మార్చు మార్పైనది. చేరు అను నకర్మకమునుండి చేరిక వచ్చును గాని చేర్పు రాదు. తనంతఁ గలిగినది చేరిక. ఒకఁడు చేసినది చేర్పు. అట్లే మార్పు అను పదము తన పుట్టుకచేతనే మార్చినవాఁ డెవ్వఁడని యడుగుచున్నది. ఋతువుల మార్పు, మనసు మార్పు అని కర్తృనిరపేక్షముగా వాడుటయుఁ గలదు. రూఢి యోగమును మ్రింగుట భాషలో వింత కాదు. కాని యిచ్చట యోగార్థమునే నిలుపుకొనుటకు ఒడంబడికయే సాయపడుచున్నది. 1992 నాఁటి పాఠము మొదటి యధికరణముననే, మానవవ్యాపారమువలనఁ బ్రత్యక్షముగనో పరోక్షముగనో వాయుమండలపుఁ గూర్పు మాఱఁగాఁ గలిగినదానినే యీ పేర గ్రహించి, స్వభావసిద్ధములైన యొడుదుడుకులను వేఱుచేసినది. శాస్త్రజ్ఞుల నివేదికలను సమకూర్చు అంతర్ప్రభుత్వ సంఘము, కారణమేదైనను మార్పు నంతయు నా పేరనే వ్యవహరించును. మొదటిది యోగార్థము, రెండవది రూఢ్యర్థము. యంత్రయుగమునకు ముందు గాలిలోఁ బదిలక్షల పాళ్లకు 280 పాళ్లుండిన బొగ్గుపులుసు వాయువు నేఁడు 420 దాఁటినది. ఈ నూటనలువది పాళ్లకుఁ గర్త కలఁడు. తెలుఁగు పదము ఆ మాటను ఆంగ్లపదముకంటె స్పష్టముగాఁ జెప్పఁగలిగియుండఁగా, దానిని ప్రకృతివికారమువలె నుచ్చరించుట సొంత ధనమును పాఁతిపెట్టి యప్పు చేయుట వంటిది.

ఇదే యధికరణమున మఱియొక జంట. 'ఉద్గారముల తగ్గుదల' యని వ్రాయువారును, 'తగ్గింపు' అని వ్రాయువారును గలరు. ఒకే వ్యాసమున రెండును గనఁబడును. తగ్గు అకర్మకము, తగ్గుదల వేసవిలోఁ జెఱువునీరు తగ్గినట్లు తనంత జరుగునది. తగ్గింపునకుఁ దగ్గించువాఁడు కావలెను. 2020లో మహామారివలన బండ్లు, కర్మశాలలు ఆఁగినపుడు లోకమునఁ గలిగినది తగ్గుదల. ఎవ్వరును దాని నుద్దేశించి చేయలేదు గనుకనే మఱుసటి యేఁట నది నిలువలేదు. ఒడంబడిక కోరునది తగ్గింపు. ఈ భేదమును పాటింపని యనువాదకుఁడు ఒక్క ప్రత్యయముతో బాధ్యత నంతయుఁ గడిగివేయుచున్నాఁడు.

ఇఁక మూలపాఠముననే గల చిక్కు. 2015 డిసెంబరు 12వ తేదీన పారిస్ సభ ముగియవలసియుండఁగా నాలుగవ యధికరణమునందలి నాలుగవ వాక్యమున సంపన్నదేశములు ఉద్గారములను సంపూర్ణముగాఁ దగ్గించు లక్ష్యములతో ముందు నడచుటను గూర్చి 'షల్' అను క్రియ పడియుండెను. అమెరికా దాని కంగీకరింపలేదు. ఆ పదమున్నచో నది న్యాయబద్ధమైన క్రొత్త బాధ్యత యగుననియు, అప్పుడు తమ సెనేటు సమ్మతి కావలసివచ్చుననియు వారి భయము. తుదకు ఆ పదము స్థానమున 'షుడ్' వచ్చినది. వచ్చిన తీరు మఱింత విచిత్రము: లేఖకదోషముల సవరణలను చదువుచు, విరామచిహ్నముల వంటి వానితోఁ గలిపి దీనినిఁగూడఁ జదివివేసిరి. సభాధ్యక్షుఁడు చిన్న సుత్తితోఁ గొట్టెను, ఒప్పందము సిద్ధించెను. గ్రంథపరిష్కర్త లెఱుఁగుదురు, ప్రతులలోఁ బాఠాంతరము ప్రవేశించుటకు లేఖకుని ప్రమాద మొక్కటియే కారణము కాదని.

ఈ రెండు పదములకును తెలుఁగున 'చేయాలి' యనియే వ్రాయుట పరిపాటియైనది. అది సరికాదు. మొదటిదానికిఁ 'జేయవలెను' అనియు, రెండవదానికిఁ 'జేయఁదగును' అనియు రెండు రూపములు తెలుఁగున సిద్ధముగా నున్నవి. మూఁడవదిగాఁ 'జేయవచ్చును' కలదు. పాణిని లిఙ్ లకారమునకు విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము అని యాఱర్థములను విధించియున్నాఁడు. భట్టోజీ దీక్షితుఁడు వాని నిట్లు వేఱుపఱచెను: తనకంటెఁ దక్కువవాని నొకపనిలోఁ బ్రవర్తింపఁజేయుట విధి, శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని బిలిచినట్లు, తప్పించుకొనరాని పనిలో నియోగించుట నిమంత్రణము, ఇష్టమైనచోఁ జేయుమని యనుజ్ఞ యిచ్చుట యామంత్రణము, సత్కారపూర్వకముగాఁ బెద్దల నొక కార్యమునకుఁ బురికొల్పుట యధీష్టము. ఈ విభాగమును జేతఁ బట్టుకొని సభాతీర్మానములను జదివినచో ఒక్కొక్క క్రియయు నెంత బరువు కలదో తెలిసిపోవును. పారిస్ ఒప్పందమున ప్రతిదేశమును తన సంకల్పమును సిద్ధపఱచి, అయిదేండ్ల కొకసారి తెలియఁజేయుట విధి. దాని నుద్దేశించి స్వదేశమునఁ బ్రయత్నము చేయుటయు విధియే. ఆ సంకల్పమును నెఱవేర్చుట మాత్రము విధి కాదు. వ్రతమును బూని సంకల్పము చెప్పవలెను. పారణ దాఁక సాగింపవలెనని మాత్రము లేదు.

2021లో గ్లాస్గో సభ చివరి గడియలలో బొగ్గుతోఁ జేయు విద్యుత్తును గూర్చి 'క్రమముగా నిలుపుట' యనుదానికి మాఱుగాఁ 'గ్రమముగాఁ దగ్గించుట' యను పాఠము చేరినది. చేర్పించినది భారతదేశము. దీనిపై నాఁడు పెద్ద కలకలము పుట్టెను. భారతపక్షమును నిందించినవారు గమనింపని దొకటి కలదు: ఆ వాక్యమున బొగ్గు పేరు వచ్చినది గాని, ధనికదేశములు విరివిగాఁ గాల్చు చమురు, సహజవాయువు అనువాని పేరే రాలేదు. ఒక కర్మను బేర్కొని తక్కినవానిని మఱుఁగుపఱచుట కర్తను మఱుఁగుపఱచుటకంటెఁ దక్కువ దోషము కాదు. ఆ లోపము 2023లో దుబాయి సభయందుఁ దీఱెను. శిలాజ ఇంధనము లన్నిటినుండియు వైదొలఁగుటను గూర్చిన మాట మొదటిసారిగాఁ దీర్మానమునఁ జేరినది. కాని యక్కడి క్రియ పిలుచుట. ఆ పిలుపును గూడ ఆయా దేశములు తాము నిర్ణయించుకొనిన రీతినిఁ బాలుపంచుకొనుటకు. దీక్షితుని మాటలో నిది కామచారానుజ్ఞ, శుద్ధ యామంత్రణము.

ఇచ్చట నొక యాక్షేపము రాఁగలదు. విధించువాఁడు విధేయునికంటె నధికుఁడు కావలెను. రాజ్యములు పరస్పరము సమానములు. సమానుల నడుమ విధి యెట్లు పొసఁగునని. ఆక్షేపము బలమైనది. క్యోటో నియమపత్రమే దానికి సాక్షి. అందు సంపన్నదేశములకు విధిరూపమైన క్రియయే వాడఁబడెను; 1990 నాఁటి మట్టముకంటె మొత్తముమీఁద నూటికి అయిదు పాళ్లైనను 2008–2012 నడుమఁ దగ్గింపవలెనని యంకెయుఁ జెప్పఁబడెను. అమెరికా దాని నామోదింపనే లేదు. కెనడా 2011లో వైదొలఁగుచున్నట్లు ప్రకటించెను. గట్టి క్రియ యున్నంతనే పని జరుగునను భ్రమ కవకాశము లేదు. మెత్తని క్రియ గల పారిస్ ఒప్పందమునుండియు అమెరికా 2020లోఁ దొలఁగి, 2021లో మరల వచ్చి, 2025 జనవరిలో మఱొకసారి తొలఁగుదునని ప్రకటించినది. క్రియను మెత్తపఱచినందువలనఁ గర్త నిలుచునని చెప్పిన యుక్తియు దీనితోఁ జెడినది.

ఐనను దీక్షితుఁడు చెప్పిన నిమంత్రణ మొకటి మిగిలియున్నది. దౌహిత్రుఁడు భృత్యుఁడు కాఁడు. కాని పిలిచినపుడు రానిచో దోషము తప్పదు. అధికుని యాజ్ఞ లేకయే సంబంధమువలనఁ గలుగు బాధ్యత యది. 2025 జూలై 23వ తేదీన హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానము ఇచ్చిన సలహారూపమైన యభిప్రాయము ఈ దారినే నడచినది. వనువాటు వంటి చిన్న దీవుల ప్రేరణచే ఐక్యరాజ్యసమితి 2023లో నడిగిన ప్రశ్నకు అది ప్రత్యుత్తరము. సంకల్పమును నిర్ణయించుకొనుటలో దేశమునకుఁ గల స్వేచ్ఛ హద్దులు లేనిది కాదనియు, తగిన శ్రద్ధ చూపుట ప్రతిదేశమునకు విధాయకమనియు, అది తప్పినచో అంతర్జాతీయధర్మమున దోషమగుననియు నా న్యాయస్థానము పలికినది. ఆమంత్రణముగా వ్రాయఁబడిన వాక్యమును నిమంత్రణముగా వ్యాఖ్యానించిన దన్నమాట. వ్యాఖ్యాతలకు ఇంతకుమించిన విజయము లేదు; ఆచరించువారుండవలెను, అది వేఱుమాట.

ప్రతిక్రియలను రెండుగా విభజించి ఆంగ్లమున 'మిటిగేషన్', 'అడాప్టేషన్' అనుచున్నారు. మొదటిదానికిఁ దెలుఁగున 'ఉపశమనము' అని వాడుక. ఇది యొడంబడిక యర్థమునకు విరుద్ధము. ఉపశమనము వైద్యశాస్త్రమున వేదనను దగ్గించునది. నిదానమును ద్రుంచునది కాదు. ఒడంబడికలో నీ పదము బొగ్గును, చమురును గాల్చుటను మూలమునఁ దగ్గించుటను, అడవులు మొదలగు శోషకములను బెంచుటను జెప్పుచున్నది. 'మూలనివారణము' అనినను, తెలుఁగున 'పొగతగ్గింపు' అనినను దగును. రెండవది చెవికిఁ గొంత మోటుగా నుండవచ్చును గాని కర్తృకర్మలు రెండును గలది. రెండవ శబ్దమునకు 'అనుకూలనము' మంచి మాట. కూలము అనఁగా నొడ్డు. ఒడ్డు వెంబడి పోవునది యనుకూలము. కాని ఉప్పాడ తీరమువలె ఒడ్డే లోపలికి జరుగుచున్నచోట అనుకూలన మెంతవఱకు సాగును? ఆ యూరి కోఁతకు సముద్రమట్ట మొక్కటియే హేతువు కాదు. తీరమునఁ గట్టిన కట్టడములును గలవు. ఆ కోఁతను నిలుపుటకు ఒకసారి వేసిన ఇసుకగొట్టముల గోడయు నలల కాఁగలేదు. ఉన్నయూరిని విడిచి మఱియొక చోటికిఁ బోవుటను గూడ అనుకూలనమనియే లెక్కించు నివేదికలున్నవి. దానికి వలస యను పేరున్నది. ఆ పేరే పెట్టవలెను. ఇఁక మూఁడవదియైన 'నష్టము, హాని' విషయమునఁ బారిస్ సభాతీర్మానము స్పష్టమైనది: ఆ యధికరణము బాధ్యతకుఁ గాని పరిహారమునకుఁ గాని యాధారము కాదని వ్రాసికొనిరి. నష్టమున్నది, నష్టపఱచినవాఁడు లేఁడు. 2022లో షర్మ్ ఎల్ షేఖ్ సభ దానికొక నిధి నేర్పఱుప నిశ్చయించినది; అది పరిహారము కాదు, సాహాయ్యము.

వ్యక్తి చేయఁదగినదేమి యనుచోట విచారము మఱియొక మలుపు తిరుగును. రాజ్యములు కర్తలుగా మెలఁగుటకు వెనుకాడిన యీ కాలముననే వ్యక్తి సంపూర్ణ కర్తగాఁ జిత్రింపఁబడెను. విలియం రీస్, మాథిస్ వాకర్నేగెల్ అను పండితులు 1990 తరువాత మానవుఁడు భూమిమీఁద మోపు భారమును 'పాదముద్ర' యను రూపకముతోఁ జెప్పిరి. ఆ రూపకమును గర్బనమునకు ముడిపెట్టి లోకమున వ్యాపింపఁజేసినవారిలో బీపీ యను చమురు సంస్థ ముఖ్యము. 2004 ప్రాంతమున నది తన ప్రకటనలలో, మీ కర్బన పాదముద్ర యెంతయని జనులనే ప్రశ్నించి, లెక్క చూచుకొనుటకు గణకమునుగూడ నిచ్చెను. వ్యాకరణమున దీనికిఁ దగిన పరీక్ష కలదు. స్వతంత్రుఁడు కర్త, ఆ కర్తను బ్రేరేపించువాఁడు హేతువు, అతఁడును గర్తయే. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వంట చేయించునపుడు వండిన చేతులు యజ్ఞదత్తునివి. వంటకుఁ బ్రయోజకుఁడు దేవదత్తుఁడు. బస్సు రాని యూరినుండి కూలికిఁ బోవుటకు వాయిదాలమీఁద మోటారుసైకిలు కొన్నవాఁడు ప్రయోజ్యకర్త. చమురు నమ్మువాఁడును, బస్సు వేయనివాఁడును బ్రయోజకులు. ప్రకటన చేసిన మాయ యెచ్చటనన్నచో, ప్రయోజకుఁడే ముందునిలిచి ప్రయోజ్యునికి లెక్క యప్పగించుటలో.

ఐతే ప్రయోజ్యునకుఁ గర్తృత్వము పూర్తిగాఁ బోదు. ఈ సంగతి మఱచి, వ్యక్తులు చేయవలసిన దేమియు లేదనువారు రెండవ కొసకుఁ బోవుచున్నారు. ఎంత స్వాతంత్ర్యమో యంత కర్తృత్వము. విహారమునకై యేఁట నాలుగుమాఱులు విమానమెక్కువాఁడు స్వతంత్రుఁడు. పుల్లలు తెచ్చి పొయ్యి రాఁజేయు నిల్లాలు కాదు. ఇరువురకును నొకే పట్టికలో సమానమైన హితోపదేశము చేయు గ్రంథములు స్వాతంత్ర్యమను లక్షణమునే విడిచినవి.

కర్తలను బేర్కొని వ్రాసిన పాఠమెట్లుండునో చూచుటకు దూరము పోనక్కఱ లేదు. కడప మండలమున పోరుమామిళ్లలో శకవర్షము 1291 నాఁటి, అనఁగా 1369 నాఁటి, సంస్కృతశాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుఁడు భాస్కరుఁడు, నామాంతరమున భవదూరుఁడు, అనంతరాజసాగరమను చెఱువు కట్టించిన వృత్తాంతమది. ఇది శీతోష్ణస్థితిని గూర్చినది కాదు. వాన నమ్మరాని సీమలో బ్రదుకుటను గూర్చినది. దినమునకు వేయిమంది పనివారు, రాతిపనికి నూఱు బండ్లు, రెండేండ్ల కాలము అని లెక్క చెప్పినది. మంచి చెఱువునకుఁ బండ్రెండు సాధనములను బేర్కొన్నది. వానిలో నేల, ఏఱు, కొండ, రాతిగని మొదలైనవానితోఁ బాటు ధర్మాత్ముఁడైన రాజు, జలశాస్త్ర మెఱిఁగిన బ్రాహ్మణుఁడు, కట్టుటలో నేర్పు గల పనివారు అని మువ్వురు మనుష్యులను జేర్చినది. పనివారి పేర్లు లేవు, రాజు పేరున్నది. ఆ కాలపు లోపమది. ఐనను డబ్బు పెట్టువాఁడు, తెలిసినవాఁడు, చేయువాఁడు అను మూఁడు కర్తృత్వములును వేఱువేఱుగాఁ గనఁబడుచున్నవి. ఆ చెఱువు 2020లో నీటిపారుదల అంతర్జాతీయ సంఘమువారి వారసత్వ నిర్మాణముల పట్టికలోఁ జేరినది.

శాసనము ఆఱు దోషములనుగూడఁ జెప్పినది: కట్టనుండి నీరూరుట, చవుడు నేల, లోపల మిట్ట, నీరు తక్కువయై పొలము విరివి యగుట, నీ రెక్కువయై నేల చాలకుండుట, వీనితోఁబాటు చెఱువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట. ఈ కడపటి దోషము ఇంజనీరు చెప్పునది కాదు, అనుభవశాలి చెప్పునది. పొలిమేర చెఱువునకు గండి పడినచో పూడ్చువాఁ డెవ్వఁడు? నీ రెక్కువ తోడుకొన్నవాని నడుగువాఁ డెవ్వఁడు? ఇప్పటి వాయుమండలము రెండువందల రాజ్యముల పొలిమేర చెఱువు. తక్కిన దోషములకుఁ బని చేసి ప్రతిక్రియ చేయవచ్చును. దీనికి మాత్రము వాక్యమే ప్రతిక్రియ. అందుచేతనే ఒడంబడికలోఁ గర్త లోపించుట కవితలోని యధ్యాహారమువంటిది కాదు.

నేఁటి పాఠములలోను మంచివి లేకపోలేదు. 2010 మే నెల యెండలకు అహమ్మదాబాదులో వందలకొలఁది ప్రజలు చనిపోఁగా నా నగరమువారు 2013లో వడగాడ్పుల ప్రణాళిక నొకటి వ్రాసికొనిరి. ఎండ యిన్ని డిగ్రీలు దాఁటినచో ఏ యధికారి యెవరికిఁ దెలుపవలెను, ఆస్పత్రి యేమి సిద్ధము చేయవలెను, నీళ్ల పందిళ్లు ఎవ్వరు పెట్టవలెను అని యందు వాక్యమువాక్యమునఁ గర్త కలఁడు. శైలి శుష్కము, చదువుటకు సంతోషము కలుగదు. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి మించి వడదెబ్బకు బలియైనపుడు కావలసినది అట్టి శుష్కశైలియే.

తెలుఁగునకుఁ గల మఱియొక బలమును అనువాదకులు వాడుకొనుట లేదు. సంస్కృతమునకుఁ గాని ఆంగ్లమునకుఁ గాని లేని 'మేము', 'మనము' అను భేదము ఈ భాషలోఁ గలదు. 1992 నాఁటి మూడవ యధికరణమున బాధ్యతలు సర్వసామాన్యములయ్యు వేఱువేఱని చెప్పిన సూత్రమునకు లోకమున ముప్పదియేండ్లుగా వాదము నడచుచున్నది. అందలి సామాన్యాంశము 'మనము', విశేషాంశము 'మేము'. ధనికదేశపు ప్రతినిధి ఆంగ్లమున 'వియ్' అనునపుడు వినువారిని గలుపుకొనుచున్నాఁడో, విడిచి తన దేశమునే చెప్పుచున్నాఁడో యా పదము తెలుపదు. తెలుపకుండుట యతనికి లాభము. పారిస్ ఒప్పందము 'భిన్నభిన్న దేశపరిస్థితుల వెలుఁగులో' అను మాటను జేర్చి ఆ యస్పష్టతను మఱికొంత పెంచినది. 2021లో గ్లాస్గోలో భారతప్రధాని హిందీలోఁ బలుకుచు 2070 నాఁటికి దేశము నికరశూన్యమునకుఁ జేరునని ప్రకటించిరి. హిందీలోని 'హమ్' అనునదియు రెంటికి సామాన్యమే. దాని నట్టి ప్రకటనలలోఁ దెలుఁగు చేయువాఁడు 'మేము' అనవలెనో 'మనము' అనవలెనో నిర్ణయింపక యడుగు వేయలేఁడు; సభలోని పరదేశీయుల నుద్దేశించినపుడు మొదటిదియు, స్వదేశమున ప్రజల నుద్దేశించి దానినే మరలఁ జెప్పినపుడు రెండవదియు సరియగును. రెండుచోట్లను 'మనము' అని వ్రాసినవాఁడు దేశము పూనిన ప్రతిజ్ఞను లోకమంతటికిఁ బంచిపెట్టినవాఁడగును. రెండుచోట్లను 'మేము' అనినవాఁడు పొగ నెక్కువ విడుచువారిని, తక్కువ విడుచువారిని ఒకే గాటఁ గట్టినవాఁడు కాకపోవచ్చును గాని, ఇంటిలోఁ జేయవలసిన పనినుండి చదువరిని దప్పించినవాఁడగును.